ఇంట్లో కాఫీ గ్రైండర్లు, బ్రూయింగ్ పరికరాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

చేతిలో ఉన్న డబ్బు తక్కువ. ముందు మంచి మెషిన్ కొనాలా, మంచి గ్రైండరా?

గ్రైండరే. ఇందులో మాకు రెండో మాట లేదు. కాఫీ చేయడమంటే పొడిలోని సారాన్ని నీళ్లలోకి దింపడం. పలుకు ఎంత చిన్నదైతే సారం అంత త్వరగా దిగుతుంది. నుసి, పెద్ద పలుకులు కలగలిసి ఉంటే నుసిలోంచి చేదు, వగరు కూడా దిగిపోయేసరికి పెద్ద పలుకుల్లో సగం సారం లోపలే మిగిలి ఉంటుంది. ఒకే గుక్కలో పులుపూ చేదూ రెండూ తగిలాయంటే సాధారణంగా కారణం ఇదే. దీన్ని ఏ మెషినూ సరిచేయలేదు. నాసిరకం గ్రైండర్ పక్కన ఖరీదైన ఎస్ప్రెస్సో (మెత్తటి పొడి గుండా ఒత్తిడితో వేడినీళ్లు తోసి తీసే చిక్కటి కాఫీ) మెషిన్ పెట్టుకున్నవాళ్ల కన్నా, మంచి చేతి గ్రైండర్, మామూలు ప్లాస్టిక్ డ్రిప్పర్ (పేపర్ ఫిల్టర్ పెట్టి పైనుంచి నీళ్లు పోసే గరాటు) ఉన్నవాళ్లే రోజూ మంచి కాఫీ తాగుతారు.

బ్లేడ్ గ్రైండర్ అసలు పనికిరాదా?

బ్లేడ్ గింజను నరుకుతుంది, నలపదు. బ్లేడుకు తగిలిన ముక్కే మళ్లీ మళ్లీ తగిలి నుసవుతుంది, తప్పించుకున్నది బరకగానే మిగులుతుంది. బర్ గ్రైండర్ తిరగలిలాంటిది: బర్ అంటే పళ్లున్న చక్రం, రెండుంటాయి; ఒక బర్ కదలదు, ఇంకొకటి తిరుగుతుంది, వాటి మధ్య సందును బట్టి పలుకు పరిమాణం తేలుతుంది. ప్రస్తుతానికి మీ దగ్గర బ్లేడ్ ఒక్కటే ఉంటే, రెండు మూడు సెకన్ల చొప్పున ఆపి ఆపి తిప్పండి, ప్రతిసారీ గిన్నెను కుదపండి, చివర్లో టీ జల్లెడతో నుసి కొంత తీసేయండి. ఆ పొడితో ఫ్రెంచ్ ప్రెస్ (పొడిని నీళ్లలో నానబెట్టి జల్లెడ ప్లంజర్‌తో వేరుచేసే పాత్ర) కాఫీ చేసుకోవచ్చు. ఎస్ప్రెస్సో జోలికి మాత్రం వెళ్లకండి.

చేతి గ్రైండరా, కరెంటుదా?

రోజుకు ఒకటి రెండు కప్పులైతే చేతిదే. మోటారు, సర్క్యూట్ ఖర్చు లేదు కాబట్టి అదే ధరలో మెరుగైన బర్‌లు, గట్టి ఇరుసు వస్తాయి. కొనేముందు పిడి పట్టుకుని ఇరుసును పక్కలకు కదిపి చూడండి. ఇరుసు ఊగితే బర్‌ల మధ్య సందు ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ అవుతుంది, పొడి ఎప్పటికీ సమంగా రాదు. ఇరుసుకు పైనా కిందా రెండు బేరింగులున్న మోడల్ చూసుకోండి. తక్కువగా వేయించిన లైట్ రోస్ట్ గింజలు గట్టివి. వాటిని ఎస్ప్రెస్సోకు తగినంత మెత్తగా చేతితో తిప్పడం భుజానికి కసరత్తే. నలుగురికి చేయాల్సిన ఇంట్లో కరెంటుది తీసుకోండి, లేకపోతే నెల తిరిగేసరికి గ్రైండర్ అటకెక్కుతుంది.

కోనికల్ బర్, ఫ్లాట్ బర్: ఏది మేలు?

ఈ వాదన తెగదు. కోనికల్ అంటే శంకువు ఆకారంలోది, ఫ్లాట్ అంటే బల్లపరుపుగా ఉండేది. స్థూలంగా చెప్పాలంటే కోనికల్ బర్‌లు నుసి కాస్త ఎక్కువ ఇస్తాయి, దానివల్ల కప్పులో చిక్కదనం పెరుగుతుంది. ఫ్లాట్ బర్‌లలో చాలావాటితో రుచులు విడివిడిగా తెలుస్తాయి. కానీ బర్ ఆకారం కన్నా పళ్లను ఎలా కోశారు, రెండు బర్‌లు ఎంత సమాంతరంగా కూర్చున్నాయి అన్నవే ఎక్కువ తేడా తెస్తాయి. సరిగ్గా కూర్చోని 64 మి.మీ. ఫ్లాట్ బర్ కన్నా చక్కగా కూర్చున్న 40 మి.మీ. కోనికల్ నయం. టైటానియం పూత బర్ ఆయుష్షు పెంచడానికి, రుచి కోసం కాదు. సిరామిక్ బర్‌ల పదును నెమ్మదిగా తగ్గుతుంది, కాకపోతే గింజల్లో చిన్న రాయి పడితే పెచ్చు లేచే ప్రమాదం ఉంది.

ఎస్ప్రెస్సోకు, ఫిల్టర్ కాఫీకి ఒకే గ్రైండర్ సరిపోతుందా?

సరిపోవచ్చు (ఇక్కడ ఫిల్టర్ కాఫీ అంటే డ్రిప్పర్‌లో పేపర్‌తో వడకట్టేది), కానీ సర్దుబాటు మెట్లు ఎంత చిన్నవో చూసి కొనాలి. ఫిల్టర్‌కు ఒక మెట్టు అటూ ఇటూ అయినా పెద్దగా తెలియదు. ఎస్ప్రెస్సోలో ఒక్క మెట్టుతో షాట్ (ఒకసారి తీసే ఎస్ప్రెస్సో) సమయం చాలా సెకన్లు మారిపోతుంది. కమాండాంటే సీ40 అనే చేతి గ్రైండర్‌లో ఒక క్లిక్‌కు సందు సుమారు 30 మైక్రాన్లు మారుతుంది. అది ఎస్ప్రెస్సోకు పెద్ద అంగ కాబట్టే, క్లిక్‌ను సగానికి తగ్గించే రెడ్ క్లిక్స్ అనే భాగాన్ని విడిగా అమ్ముతారు. మెట్లు లేని స్టెప్‌లెస్ గ్రైండర్లలో ఈ ఇబ్బంది లేదు, అయితే రోజూ ఎస్ప్రెస్సో నుంచి ఫిల్టర్‌కు, మళ్లీ వెనక్కి తిప్పేటప్పుడు గుర్తు తప్పడం తేలిక. కొన్ని గ్రైండర్లు ఫిల్టర్ కోసమే తయారవుతాయి. 64 మి.మీ. బర్‌లున్న ఫెల్లో ఓడ్ అలాంటిదే, ఎస్ప్రెస్సోకు కాదని తయారీదారులే చెబుతారు.

"15 క్లిక్‌లు పెట్టండి" అని ఎవరో చెప్పినట్టే చేశాను, పొడి మరీ బరకగా వచ్చింది. ఎందుకు?

ఆ అంకె వాళ్ల గ్రైండర్‌ది. ఒకే మోడల్‌లో కూడా సున్నా స్థానం ఒక్కో దానికి కొద్దిగా మారుతుంది. ముందు మీ సున్నా కనుక్కోండి: గ్రైండర్‌ను ఖాళీ చేసి మెత్తగా వచ్చే వైపు ఒక్కో క్లిక్ తిప్పుతూ పోండి. పిడి తనంతట తాను తిరగడం ఆగిన చోటు మీ సున్నా. అక్కడితో ఆపండి, బలవంతంగా బిగిస్తే పళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని మొద్దుబారతాయి. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. అంకె కన్నా కంటితో చూసి పోల్చుకోవడం నయం: ఫ్రెంచ్ ప్రెస్‌కు కల్లు ఉప్పును చితక్కొట్టినట్టు, డ్రిప్పర్‌కు సన్నటి ఇసుకలా, ఎస్ప్రెస్సోకు మెత్తటి ఉప్పు కన్నా మెత్తగా, వేళ్ల మధ్య నొక్కితే కొంచెం ముద్దకట్టేలా.

కరెంటు గ్రైండర్‌లో ఇంకో జాగ్రత్త: లోపల గింజలుండగా మెత్తటి వైపు తిప్పాలంటే మోటారు తిరుగుతున్నప్పుడే తిప్పాలి. ఆగి ఉన్నప్పుడు తిప్పితే బర్‌ల మధ్య ఇరుక్కున్న పలుకులు అడ్డుపడతాయి.

పొడి అంతా గోడలకు అంటుకుని ఎగురుతోంది. ఏం చేయాలి?

అది స్థిర విద్యుత్తు. గింజలు విరిగేటప్పుడు, ఒకదానితో ఒకటి రాసుకునేటప్పుడు పలుకులకు విద్యుదావేశం అంటుతుంది. చెంచా కాడను నీళ్లలో ముంచి, తూచిన గింజల్లో ఒకసారి కలిపి గ్రైండర్‌లో వేయండి. 18 గ్రాములకు ఒక చుక్క, రెండు చుక్కలు చాలు. దీన్ని ఆర్‌డీటీ (రాస్ డ్రాప్‌లెట్ టెక్నిక్) అంటారు. చాలాకాలం ఇదొక చిట్కాగానే చెలామణి అయింది. 2023లో ఓరెగాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, అగ్నిపర్వతాల బూడిదలో విద్యుదావేశాన్ని చదివే శాస్త్రవేత్తలతో కలిసి దీన్ని కొలిచి చూశారు. నీరు చేరితే ఆవేశం తగ్గుతుందని, పలుకులు ఉండకట్టడం కూడా తగ్గుతుందని తేలింది. బాగా వేయించిన, తేమ తక్కువగా ఉండే డార్క్ రోస్ట్‌లో ఈ సమస్య ఎక్కువ.

హాపర్ (పైన ఉండే గింజల గిన్నె) నిండా గింజలు పోసుకునే గ్రైండర్‌లో ఈ పని చేయకండి. తడి గింజలు అక్కడే నిలిచిపోతాయి, ఉక్కు బర్‌లకు తుప్పు పడుతుంది.

18 గ్రాములు వేస్తే 17.2 వచ్చింది. మిగతాది ఏమైంది?

బర్‌ల సందుల్లో, పొడి బయటికి జారే దారిలో ఉండిపోయింది. రేపు వేసే గింజలతో పాటు ఈ పాత పొడి బయటికి వస్తుంది. ఫిల్టర్ కాఫీకి ఇది పెద్ద లెక్క కాదు. ఎస్ప్రెస్సోలో సెట్టింగ్ మార్చిన వెంటనే తీసిన షాట్‌ను నమ్మలేకపోవడానికి కారణం మాత్రం ఇదే, కొంత పొడి పాత సెట్టింగ్‌ది. అందుకే మార్చిన ప్రతిసారీ మూడు నాలుగు గ్రాములు తిప్పి పారబోసి, అప్పుడు తూచండి.

గ్రైండర్ ఎప్పుడు, ఎలా శుభ్రం చేయాలి?

నెలకోసారి చాలు, నూనె కారేంత డార్క్ రోస్ట్ వాడితే రెండు వారాలకు. ప్లగ్ తీయండి. హాపర్ ఖాళీ చేసి పై బర్‌ను విప్పండి. పొడి బ్రష్‌తో, అవసరమైతే వాక్యూమ్ క్లీనర్‌తో నుసి తీయండి. ఉక్కు బర్‌లకు నీళ్లు తగలనివ్వకండి. చేతి గ్రైండర్ విప్పేటప్పుడు భాగాలను తీసిన వరుసలోనే బట్ట మీద పరచి, ఫోటో తీసుకోండి. స్ప్రింగ్, వాషర్ ముందు వెనకలైతే మళ్లీ బిగించాక సున్నా మారిపోతుంది, ఒక్కోసారి ఇరుసు ఊగుతుంది కూడా. బర్ అడుగున చిటికెడు పొడి ఇరుక్కున్నా బర్ వాలి కూర్చుంటుంది, అక్కడ శుభ్రంగా తుడవండి. నూనె జిడ్డుకు గ్రైండర్ల కోసమే అమ్మే క్లీనింగ్ బిళ్లలు వాడొచ్చు. పచ్చి బియ్యం వేయకండి. బియ్యపు గింజ కాఫీ గింజ కన్నా గట్టిది, చిన్న మోటారుకు భారం.

మోటారు గుర్రుమని ఆగిపోయింది.

వెంటనే స్విచ్ కట్టేసి ప్లగ్ తీయండి. ఎక్కువసార్లు కారణం గింజల్లో కలిసిన రాయి, లేదా లైట్ రోస్ట్‌ను మరీ మెత్తటి సెట్టింగ్‌లో ఒక్కసారిగా పోయడం. సెట్టింగ్‌ను బాగా బరక వైపు తిప్పి, గింజలు బయటికి తీసి, బర్ విప్పి చూడండి. అలాగే వదిలి మళ్లీ మళ్లీ స్విచ్ నొక్కితే మోటారు కాలిపోవచ్చు, లేదా ప్లాస్టిక్ గేర్ పళ్లు విరగొచ్చు.

బర్‌లు ఎంతకాలం వస్తాయి?

రోజుకు 30 గ్రాములంటే ఏడాదికి 11 కిలోలు. మంచి ఉక్కు బర్‌లు వందల కిలోలు నలుపుతాయి, కాబట్టి ఇంటి వాడకంలో ఏళ్ల తరబడి బెంగ అక్కర్లేదు. అరిగిన బర్ లక్షణాలు ఇవి: నుసి పెరగడం, అదే సమయం కోసం సెట్టింగ్‌ను నెలనెలా మార్చాల్సి రావడం, పొడి బయటికి వచ్చేసరికి వేడెక్కి ఉండడం. వేలి గోటితో బర్ పంటి అంచును మెల్లగా గీకి చూస్తే పదును తెలుస్తుంది. కొత్త బర్‌లు వేసిన మొదటి కొన్ని కిలోల వరకు సెట్టింగ్ నిలకడగా ఉండదు, అది లోపం కాదు.

కాటా, గూస్‌నెక్ కెటిల్ నిజంగా అవసరమా?

కాటా తప్పనిసరి. చెంచాతో కొలిస్తే రోస్ట్‌ను బట్టి బరువు మారుతుంది, ఎందుకంటే డార్క్ రోస్ట్ గింజలు ఉబ్బి తేలికవుతాయి. ఎస్ప్రెస్సోకు 0.1 గ్రాము వరకు చూపేది కావాలి. సన్నటి వంపు ముక్కున్న గూస్‌నెక్ కెటిల్ అవసరమయ్యేది డ్రిప్పర్లకే. ఫ్రెంచ్ ప్రెస్‌కు, సిరంజిలా నొక్కి కాఫీ తీసే ఎయ్రోప్రెస్‌కు మామూలు కెటిల్ చాలు.

వీ60 అనే కోన్ డ్రిప్పర్‌కు మొదలుపెట్టే కొలత చెప్పండి.

పొడి 15 గ్రాములు, నీళ్లు 250 గ్రాములు, అంటే ఒకటికి సుమారు పదహారున్నర. లైట్ రోస్ట్‌కు నీళ్లు మరిగిన వెంటనే పోయండి, డార్క్ రోస్ట్‌కు 88 నుంచి 90 డిగ్రీలకు చల్లార్చండి.

ఫిల్టర్ పేపర్‌ను మడిచి కోన్‌లో పెట్టి వేడినీళ్లతో తడపండి, కాగితం వాసన పోతుంది, డ్రిప్పర్ వేడెక్కుతుంది. ఆ నీళ్లు పారబోయడం మరవకండి. పొడి వేసి సమంగా పరిచి 45 గ్రాముల నీళ్లు పోయండి. కోన్‌ను ఒకసారి గుండ్రంగా తిప్పి 45 సెకన్లు ఆగండి. ఈ లోపు గింజల్లోని కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా పోతుంది. అది పోకముందే నీళ్లన్నీ పోస్తే వాయువు నీళ్లను లోపలికి రానివ్వదు. తరువాత మొదటి నుంచి లెక్కిస్తే 1:15 (నిమిషం 15 సెకన్లు) కల్లా మొత్తం 150 గ్రాములు, 1:45 కల్లా 250 వచ్చేలా నడిమి నుంచి అంచుల దిశగా చుట్టూ పోయండి. నేరుగా పేపర్ మీద పోయకండి, నీళ్లు పొడిని తాకకుండానే పక్కనుంచి జారిపోతాయి. మొత్తం 2:45 నుంచి 3:15 మధ్య దిగాలి. కప్పులోకి వచ్చేది సుమారు 220 గ్రాములు. ప్రతి గ్రాము పొడి రెండు గ్రాముల నీళ్లు పట్టుకుంటుంది.

రుచి పుల్లగా, పల్చగా ఉంటే మెత్తగా చేయండి. నాలుక ఎండిపోయినట్టు వగరుగా ఉంటే బరకగా చేయండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. సెట్టింగ్, వేడి, కొలత మూడూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. నీళ్లు చివర్లో నిలిచిపోయి నాలుగు నిమిషాలు దాటుతుంటే నుసి పేపర్ రంధ్రాలను మూసేసిందని అర్థం. నీళ్లు ఎత్తు నుంచి పోయడం, మాటిమాటికీ కదపడం తగ్గించండి. ఎత్తైన ప్రాంతాల్లో నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, ప్రతి 300 మీటర్లకు దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది. అక్కడ కొంచెం మెత్తగా చేస్తే లెక్క సరిపోతుంది.

ఫ్రెంచ్ ప్రెస్ అడుగున బురదలా మిగులుతోంది.

లీటరుకు 60 గ్రాములు వేసి, నాలుగు నిమిషాలు ఆగి, పైన తేలిన తెట్టును చెంచాతో కలిపి, నురగ తీసేయండి. మరో ఐదు నిమిషాలు కదపకండి. ప్లంజర్‌ను అడుగుదాకా నొక్కకుండా నీళ్ల పైమట్టం వరకే దించి నెమ్మదిగా వంచండి. నుసి అడుగునే ఉండిపోతుంది. అంతసేపు ఉంచితే చేదెక్కదా అని అడుగుతారు. పొడి బరకగా ఉండి, నీళ్లు చల్లారుతూ ఉంటే ఎక్కదు.

మోకా పాట్‌లో కాఫీ మాడినట్టు చేదుగా వస్తోంది.

అల్ఫోన్సో బియాలెట్టి పేరుతో 1933 నుంచి వాడుకలో ఉన్న, పొయ్యి మీద పెడితే అడుగు నీళ్లు పొడి గుండా పైకి వచ్చే ఈ పాత్రలో చాలామంది చేసే తప్పు చల్లటి నీళ్లతో మొదలుపెట్టడం. నీళ్లు కాగేదాకా పైనున్న పొడి కూడా వేడెక్కుతూ ఉంటుంది. మరిగిన నీళ్లను అడుగు పాత్రలో వాల్వ్ కిందివరకు పోయండి. పొడి డ్రిప్పర్‌కు కన్నా మెత్తగా, ఎస్ప్రెస్సోకు కన్నా బరకగా ఉండాలి. బుట్ట నిండా వేసి పైన సమం చేయండి, నొక్కకండి. వేడి అడుగు భాగాన్ని గుడ్డతో పట్టుకుని పైభాగం గట్టిగా బిగించి, సన్నటి మంట మీద పెట్టండి. తేనెరంగు ధార సాఫీగా వస్తూ, లేతబడి బుడబుడమని చిమ్మడం మొదలవగానే దించి అడుగు భాగాన్ని చల్లటి నీళ్ల కింద పెట్టండి. ఆ చివరి చిమ్ముడులోనే ఎక్కువ చేదు ఉంటుంది.

కాఫీ పైకి రాకుండా రెండు భాగాలు బిగించే చోట ఆవిరి కారుతుంటే రబ్బరు గ్యాస్కెట్ గట్టిపడిందని అర్థం, మార్చండి. సేఫ్టీ వాల్వ్ సున్నంతో మూసుకుపోతే ప్రమాదం, అప్పుడప్పుడు వేలితో దాని మొనను కదిపి చూసుకోండి. అల్యూమినియం పాట్‌ను డిష్‌వాషర్‌లో వేయకండి, నల్లబడుతుంది.

ఎస్ప్రెస్సో సెట్టింగ్ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

18 గ్రాముల పొడి, కప్పులో 36 గ్రాముల కాఫీ, 25 నుంచి 30 సెకన్లు. పొడి బరువు, కప్పులో బరువు మార్చకుండా ఉంచి గ్రైండ్ ఒక్కటే మార్చండి. 15 సెకన్లకే వచ్చేసిందా, మెత్తగా చేయండి. 45 పట్టిందా, బరకగా చేయండి. సమయం దారిలోకి వచ్చాక గడియారాన్ని వదిలేసి నాలుకను నమ్మండి: ఇంకా పుల్లగా ఉంటే కప్పులో బరువును 40కి పెంచండి, చేదుగా ఉంటే 32కి తగ్గించండి.

పోర్టాఫిల్టర్ (పొడి వేసి మెషిన్‌కు తగిలించే పిడి) అడుగు నుంచి సన్నటి ధారలు పక్కలకు చిమ్ముతున్నా, ఒకేచోట తెల్లగా పారుతున్నా నీళ్లు పొడిలో సులువైన దారి వెతుక్కున్నాయని గుర్తు. ఆ దారిలో ఉన్న పొడి అతిగా, మిగతాది తక్కువగా సారమిస్తుంది. ఉండలు దీనికి మొదటి కారణం. 0.4 మి.మీ. సన్నటి సూదులతో పొడిని అడుగుదాకా కలిపి చెదరగొట్టండి; 2005లో జాన్ వైస్ చెప్పిన ఈ పద్ధతినే డబ్ల్యూడీటీ (వైస్ డిస్ట్రిబ్యూషన్ టెక్నిక్) అంటారు. తరువాత పొడిని అదిమే ట్యాంపర్‌ను వంకర లేకుండా నొక్కండి. ఎంత బలంగా అన్నది పెద్ద విషయం కాదు, పొడి ఇక దిగడం ఆగేదాకా నొక్కితే చాలు. వంకరగా నొక్కితే పల్చగా ఉన్న వైపు నుంచే నీళ్లు దూకుతాయి.

ఏం చేసినా సమయం మారడం లేదంటే మీ బాస్కెట్ (పోర్టాఫిల్టర్‌లో పొడి వేసే రంధ్రాల గిన్నె) అడుగు చూడండి. బయటివైపు ఒక్కటే సన్నటి రంధ్రం ఉంటే అది ప్రెషరైజ్డ్ బాస్కెట్. ఒత్తిడి పుట్టించేది ఆ రంధ్రం, మీ పొడి కాదు. మామూలు బాస్కెట్‌కు మారండి.

మెషిన్ మీద 15 బార్ అని ఉంది. 9 బార్ కదా కావాల్సింది?

ఆ 15 పంపు ఇవ్వగలిగిన గరిష్ఠ ఒత్తిడి. పొడి దగ్గర కావాల్సింది 9 చుట్టుపక్కలే. అదనపు ఒత్తిడిని వెనక్కి మళ్లించే ఓపీవీ వాల్వ్ ఉన్న మెషిన్లలో దాన్ని 9కి దింపుకోవచ్చు, మోడల్‌ను బట్టి స్ప్రింగ్ మార్చడమో, స్క్రూ తిప్పడమో చేయాలి.

ఏ నీళ్లు వాడాలి?

రుచిలో గ్రైండర్ తరువాతి స్థానం నీళ్లదే. ఖనిజాలు లేని డిస్టిల్డ్ నీళ్లతో, ఖనిజాలు బాగా తీసేసిన ఆర్‌ఓ నీళ్లతో కాఫీ చప్పగా, పులుపు ఎక్కువగా తేలుతుంది. కాఠిన్యం బాగా ఎక్కువుంటే కెటిల్‌లో తెల్లటి సున్నపు పొర కడుతుంది, మెషిన్ బాయిలర్ పాడవుతుంది. క్షారత్వం పెరిగితే మంచి పులుపు కూడా చచ్చిపోతుంది.

సొంతంగా కలుపుకోవాలంటే రెండు సీసాలు చాలు. ఒక లీటరు డిస్టిల్డ్ నీళ్లలో తినడానికి పనికివచ్చే నాణ్యత ఉన్న ఎప్సమ్ సాల్ట్ 2.45 గ్రాములు కరిగించండి. ఇంకో లీటరులో వంటసోడా 1.68 గ్రాములు. మొదటిది 80 మి.లీ., రెండోది 40 మి.లీ. తీసుకుని, డిస్టిల్డ్ నీళ్లతో మొత్తం ఒక లీటరు చేయండి. కాఠిన్యం 80 పీపీఎం (పది లక్షల్లో భాగాలు), క్షారత్వం 40 పీపీఎం వస్తాయి. ఇందులో కాల్షియం లేదు కాబట్టి సున్నం పేరుకోదు.

గింజలను ఫ్రీజర్‌లో పెట్టొచ్చా?

పెట్టొచ్చు, గాలి చొరకుండా ఒక్కో రోజుకు సరిపడా విడివిడిగా ప్యాక్ చేస్తే. పెద్ద సంచిని రోజూ తీసి, తెరిచి, మళ్లీ పెడితే చల్లటి గింజల మీద తేమ పట్టి పాడవుతాయి. గడ్డకట్టిన గింజలను కరిగించకుండానే పొడి చేయొచ్చు. చల్లటి గింజ ఇంకా సమంగా, మెత్తగా విరుగుతుందని 2016లో ప్రచురితమైన పరిశోధన చూపింది. కాబట్టి సెట్టింగ్ ఒకింత బరకగా పెట్టుకోవాల్సి రావచ్చు. రోస్ట్ చేసిన మరునాడే వాడకండి. ఫిల్టర్‌కు వారం, ఎస్ప్రెస్సోకు పది పన్నెండు రోజులు ఆగితే వాయువు తగ్గుతుంది.

మెటల్ ఫిల్టర్ వాడితే ఆరోగ్యానికి తేడా ఉంటుందా?

కాగితం కాఫీ నూనెల్లోని కెఫెస్టాల్‌ను చాలావరకు ఆపేస్తుంది, లోహపు జల్లెడ ఆపదు. కెఫెస్టాల్ చెడు కొలెస్టరాల్‌ను పెంచుతుంది. కొలెస్టరాల్ చూసుకోవాల్సినవాళ్లు రోజూ తాగేదాన్ని పేపర్‌లో వడకట్టుకోవడం మంచిది.

మెషిన్‌ను లోపల ఎలా కడగాలి?

షాట్ తీశాక పోర్టాఫిల్టర్‌లోని ఒత్తిడిని వెనక్కి వదిలే త్రీ-వే వాల్వ్ ఉంటేనే బ్యాక్‌ఫ్లష్ (నీళ్లను వెనక్కి తోసి లోపల కడగడం) చేయాలి. రంధ్రాల్లేని బాస్కెట్‌లో మూడు గ్రాముల క్లీనింగ్ పౌడర్ వేసి, పది సెకన్లు పంపు, పది సెకన్లు విరామం, ఇలా ఐదుసార్లు. తరువాత పౌడర్ లేకుండా అంతే. సున్నం తీయడానికి లీటరు నీళ్లలో 20 గ్రాముల సిట్రిక్ యాసిడ్. బాయిలర్ అల్యూమినియంతో చేసిందైతే ముందు మాన్యువల్ చూడండి.

నిన్నటిదాకా చక్కగా వచ్చిన షాట్ ఇవాళ వేగంగా దూకుతోంది. గ్రైండర్ చెడిందా?

చాలావరకు కాదు. గింజలు పాతబడే కొద్దీ వాయువు తగ్గి నీళ్లకు అడ్డు తగ్గుతుంది, అందుకే ఒకే ప్యాకెట్ మీద వారానికి ఒకటి రెండుసార్లు కొంచెం మెత్తగా చేయాల్సి వస్తుంది. గాలిలో తేమ మారినా షాట్ సమయం కదులుతుంది. కొత్త ప్యాకెట్ తెరిచిన రోజు మళ్లీ బరక వైపు వెళ్లండి. ఇవేవీ కాకపోతే అప్పుడు బర్ విప్పి, కింద పొడి ఇరుక్కుందేమో, స్క్రూ వదులైందేమో చూడండి.